కిస్తు మారదు, ఇల్లు మారుతుంది

ఈ స్మారకోపన్యాసం ఏ వకీలు గారి పేర జరుగుతోందో ఆయన నాందేడ్ జిల్లా కోర్టులో సివిల్ కేసులు చూసేవారు. ఇంట్లో తెలుగు, కోర్టులో మరాఠీ, పాత దస్తావేజు చేతికొస్తే ఉర్దూ. కుటుంబీకుల కోరిక మీద పేరు అచ్చులో వేయడం లేదు. ఐపీ పెట్టాలని వచ్చిన మనిషిని ఆయన కూర్చోబెట్టి, ఇంట్లో ఎంతమంది తింటారు, పిల్లలు ఏ క్లాసు, మందులు ఎవరికి అని ముందు అడిగేవారట. అప్పు సంగతి ఆ తర్వాత. గుమాస్తాలకు అది చాదస్తంగా తోచేది. దివాలా చట్టాల్లో ఇప్పటికీ తెగని చిక్కు ఆ మూడు ప్రశ్నల చుట్టూనే ఉంది.

కిస్తుల ప్రణాళిక అంటే చివరికి ఒక తీసివేత లెక్క. నెలకు వచ్చేదెంత, ఇల్లు గడవడానికి పోయేదెంత, మిగిలినది అప్పులిచ్చినవాళ్లు ఎన్నేళ్లపాటు ఎలా పంచుకోవాలి. వచ్చేదానికి జీతం చీటీ సాక్ష్యం. అప్పుకు ప్రామిసరీ నోట్లు, డిక్రీలు సాక్ష్యం. ఇంటి ఖర్చుకు మాత్రం కిరాణా కొట్టు ఉద్దెర పుస్తకం, బడి ఫీజు రసీదు, మందుల చీటీ తప్ప మరేమీ ఉండవు. ఈ లెక్కలో నెలనెలా కదిలే అంకె అదే. చట్టం అన్నిటికంటే తక్కువ పట్టించుకున్నదీ దాన్నే.

ఎవరైనా అప్పుల్లో మునిగితే వాడకట్టంతా మొదట వెతికేది పెళ్లి ఖర్చు. బిడ్డ పెళ్లికి అంత ఎందుకు పెట్టాడు, అంతమందికి భోజనాలు ఎందుకు అంటారు. ఈ తీర్పు కొత్తది కాదు. కాకపోతే దీన్ని దాదాపు 150 ఏళ్ల కిందటే ఒక ప్రభుత్వ కమిషన్ పరీక్షించి పక్కన పెట్టింది. 1875 మే 12న పుణె జిల్లా సూపాలో రైతులు సావుకార్ల ఇళ్ల మీద పడి అప్పు పత్రాలు లాక్కుని తగలబెట్టారు. ఆ అల్లర్లు పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల్లోని మరికొన్ని ఊళ్లకూ పాకాయి. విచారణకు వచ్చిన దక్కన్ అల్లర్ల కమిషన్ లెక్కలు తిరగేసి తేల్చిందేమిటంటే, పెళ్లిళ్ల మీద, పండుగల మీద పెట్టే ఖర్చుకు అందరూ అనవసరమైన ప్రాధాన్యం ఇస్తున్నారు. రైతు తాహతుకు అది మించినదే కావచ్చు. అయితే అలాంటి సందర్భాలు ఎప్పుడో ఒకసారి వస్తాయి. అప్పును పెంచుతున్నవి విత్తనం, తిండిగింజలు, ఎడ్లు, సర్కారు శిస్తు. అంటే చిన్నచిన్నవి, ఆగనివి.

ఆ మాట మీదే 1879లో దక్కన్ వ్యవసాయదారుల సహాయ చట్టం వచ్చింది. పుణె, సతారా, షోలాపూర్, అహ్మద్‌నగర్ జిల్లాల కోర్టులకు అది కొత్త అధికారాలిచ్చింది. పత్రంలో రాసిన మొత్తాన్ని కళ్లు మూసుకుని నమ్మకుండా, అప్పు మొదటి నుంచి ఎలా పెరిగిందో లెక్క తీయవచ్చు. చెల్లింపును కిస్తులుగా విడగొట్టవచ్చు. డబ్బు డిక్రీ కోసం రైతును జైల్లో పెట్టడానికి వీల్లేదు. నాందేడ్ అప్పటికి నిజాం ఏలుబడిలో ఉంది కాబట్టి ఆ చట్టం గోదావరి ఈ గట్టుకు రాలేదు. హైదరాబాద్ సంస్థానంలో 1929-30లో ఎస్. కేశవ అయ్యంగార్ ఆర్థిక పరిశోధన, 1937లో భరూచా రైతు రుణాల నివేదిక వెలువడ్డాయి. లెక్కలు తీశారు. సంస్థానం చేసిన చట్టాల చూపు మాత్రం భూమి సావుకార్ల చేతికి పోకుండా ఆపడం మీదే ఎక్కువగా నిలిచింది. భూమి మిగిలిన ఇంట్లో పొయ్యి మీద ఏముందో చూడటం ఏ అధికారి పనీ కాలేదు.

1956 నవంబరు 1న మరాఠ్వాడా జిల్లాలతో పాటు నాందేడ్ బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1960 మే 1న మహారాష్ట్ర అయింది. నాందేడ్ పురపాలక సంఘం నుంచి రాజకీయాల్లో ఎదిగిన శంకర్‌రావు చవాన్ 1975 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడాదే మహారాష్ట్ర రుణ విమోచన చట్టం వచ్చింది. చిన్న రైతులు, కూలీలు, చేతివృత్తులవాళ్ల అప్పులు కొట్టేశారు. సావుకార్లు సుప్రీంకోర్టుకెక్కారు. 1977లో ఫతేచంద్ హిమ్మత్‌లాల్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ కలం నుంచి వచ్చిన తీర్పు చట్టాన్ని నిలబెట్టింది. 2017లో ఒకటిన్నర లక్షల దాకా, 2019లో రెండు లక్షల దాకా పంట రుణాల మాఫీలు కూడా అదే దారిలో నడిచాయి. మాఫీ ఒక్క రోజు పని. దానికి ఇంటి ఖర్చు లెక్క అక్కర్లేదు. గీత కొట్టి, సంతకం పెడితే అయిపోతుంది. మాఫీ దొరకనివాళ్లు, అంటే ఉద్యోగస్థుడు, కొట్టు యజమాని, పతసంస్థలో, అంటే పరపతి సంఘంలో, జామీను పడ్డ మాస్టారు, వీళ్లకు మిగిలేది ఏళ్ల తరబడి సాగే కిస్తులే.

ఆ కిస్తుల్లో ఇంటికి వదిలేది ఎంతో చెప్పే పాఠం ఇప్పటికీ 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్. జప్తు చేయకూడని వస్తువుల పట్టిక అది. కట్టుబట్టలు, వంట పాత్రలు, మంచాలు, పరుపులు. ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీద నుంచి తీయకూడని నగలు, అంటే మన ఇళ్లలో పుస్తెలు. చేతిపనివాడి పనిముట్లు, రైతు నాగలి, ఎడ్లు, ఇల్లు. ఒక్కొక్కటీ చదువుతుంటే ఆనాటి గడప కళ్లముందు కనిపిస్తుంది. రాసినవాడికి ఇల్లంటే ఏమిటో తెలుసు. కాకపోతే ఆ ఇంట్లో ఫీజు లేదు, అద్దె లేదు, షుగరు బిళ్ల లేదు. వస్తువులున్నాయి, నెలనెలా పోయే డబ్బు లేదు.

జీతగాడి విషయంలో ఆ సెక్షన్ ఒక భిన్నం చెబుతుంది. జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టకూడదు. ఆ 1,000 కూడా అంతకు ముందున్న 400ను 1999 నాటి సవరణతో పెంచినది. అప్పటి నుంచి అలాగే ఉంది. పప్పుల ధర ఎన్నిసార్లు మారిందో ఎవరూ లెక్కపెట్టలేరు.

ఒక కుటుంబాన్ని ఊహించుకుంటే ఈ భిన్నం ఎక్కడ చాలుతుందో, ఎక్కడ చాలదో కనిపిస్తుంది. నాందేడ్ సిడ్కోలో అయిదుగురు మనుషుల ఇల్లు. ఆయన ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాస్తాడు, జీతం 61,000. భార్య, తల్లి, పదో తరగతి కొడుకు, ఏడో తరగతి కూతురు. పతసంస్థ అప్పుకు డిక్రీ అయింది. 60వ సెక్షన్ ప్రకారం 41,000 ఇంటికి, 20,000 డిక్రీకి. కేంద్ర ప్రభుత్వ 2023-24 గృహ వినియోగ సర్వేలో పట్టణ భారతంలో మనిషికి నెలకు సగటు ఖర్చు 6,996 రూపాయలు. అయిదుగురికి 34,980. అంటే 41,000లో ఇంకా 6,000 మిగులుతాయి. కాగితం మీద ఎవరికీ అభ్యంతరం ఉండదు.

జూన్ వస్తుంది. కొడుకు పదకొండులో చేరతాడు. లాతూరు, నాందేడ్ నీట్ కోచింగులకు పేరుపడ్డ ఊళ్లు. పక్క జిల్లాల నుంచి పిల్లలు వచ్చి గదులు తీసుకుని చదువుతుంటారు. సొంత ఊళ్లో ఉండి కొడుకును పంపకపోతే ఎలా అంటుంది తల్లి. ఫీజు ఏడాదికి లక్ష అనుకుంటే నెలకు 8,333. మిగులు ఆరు వేలూ పోయి, రెండు వేల పైచిలుకు లోటు. ఆ శీతాకాలం ముసలావిడ మూత్రపిండాలు చెడి డయాలసిస్ మొదలవుతుంది. మహాత్మా ఫూలే జన ఆరోగ్య యోజన కింద చికిత్సకు డబ్బు కట్టక్కర్లేదు. ఆటో మాత్రం ఉచితం కాదు. వారానికి మూడుసార్లు, రానుపోను 300 చొప్పున వేసుకున్నా నెలకు 3,900. తోడు వెళ్లేది కోడలు. ఆమె ఇంట్లో చేసే కుట్టుపని ఆ మూడు రోజులూ ఆగిపోతుంది. ఆ నష్టం ఏ పట్టికలోకీ ఎక్కదు.

లోటు నెలకు ఆరు వేలు దాటింది. ఇప్పుడేమవుతుంది? కిస్తు ఆగదు. జీతంలోంచి నేరుగా పోతుంది కాబట్టి ఆగే వీలే లేదు. ఇల్లే ఇంకోచోట అప్పు చేస్తుంది. ముందు కిరాణా ఉద్దెర, తర్వాత కొత్త చిట్టీ, ఆ తర్వాత గాజులు గిర్వి. నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి చేబదులు. బయట నుంచి చూసేవాళ్లకు ప్రణాళిక నిక్షేపంగా నడుస్తోంది, 20,000 తప్పకుండా జమవుతోంది. లోపల పాత అప్పు ఎంత తీరుతోందో కొత్త అప్పు అంత పెరుగుతోంది. కిస్తు తప్పిన రోజున ప్రణాళిక కూలిందని అందరూ రాసుకుంటారు. అది కూలడం మొదలైంది అంతకు ఏడాది ముందు, కిస్తు కట్టడానికే అప్పు పుట్టిన నెలలో.

ఇదే మనిషి ఐపీ పెట్టి ఉంటే మరో చిక్కు. ముంబయి, కోల్‌కతా, చెన్నై నగరాలకు 1909 నాటి దివాలా చట్టం, నాందేడ్ వంటి జిల్లాలకు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. కోర్టు దివాలాదారుగా ప్రకటించాక, విడుదల ఉత్తర్వు వచ్చేలోపు, తన స్థితి చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు, ఆపైన అప్పు తీసుకుంటే అది నేరం. ఆరు నెలల దాకా జైలు. 72వ సెక్షన్ అది. 1920లో 50 రూపాయలంటే ఒక ఉద్యోగి నెల జీతం. ఇవాళ కిలో కందిపప్పు ఉద్దెర తీసుకోవాలన్నా ముందు కొట్టువాడికి ‘నేను దివాలాదారుణ్ణి’ అని చెప్పి తీసుకోవాలి. ఎవరూ చెప్పరు, ఎవరూ కేసు పెట్టరు. అలాంటి నిబంధన పుస్తకంలో ఇంకా ఉండటమే విచిత్రం.

ఆ చట్టంలో మెచ్చుకోదగ్గది ఒకటుంది. విడుదల ఉత్తర్వు ఇచ్చేటప్పుడు ఆ మనిషి ముందు ముందు సంపాదించేదాని మీద కోర్టు షరతులు పెట్టవచ్చు. కిస్తుల ప్రణాళికకు అది బీజరూపం. కానీ ఆస్తి రూపాయికి అర్ధరూపాయి చొప్పున అయినా రాకపోతే పూర్తి విడుదల ఇవ్వకూడదన్న నియమం కూడా అందులోనే ఉంది. ఆ లోటు తన తప్పు వల్ల జరగలేదని దివాలాదారే కోర్టును ఒప్పించాలి. ఇంటి ఖర్చుకు ఓటు లేదు.

2016లో వచ్చిన దివాలా స్మృతి, అందరూ ఐబీసీ అనేది, ఈ రెండు పాత చట్టాల స్థానంలో రావాల్సింది. కంపెనీల భాగం వెంటనే అమల్లోకి వచ్చింది. మామూలు మనుషుల కోసం రాసిన మూడో భాగం మాత్రం ఈ ఉపన్యాసం నాటికీ నోటిఫై కాలేదు. కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్ల వరకే 2019 డిసెంబరు 1 నుంచి దాన్ని తెరిచారు. ఆ తెరవడాన్ని 2021 మేలో లలిత్ కుమార్ జైన్ కేసులో, దాని పద్ధతిని 2023 నవంబరులో దిలీప్ జీవ్‌రాజ్కా కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి పత్తి జిన్నింగ్ కంపెనీకి హామీ సంతకం పెట్టిన డైరెక్టరుకు ఈ దారి ఉంది. ఆ కంపెనీలో లెక్కలు రాసే గుమాస్తాకు లేదు.

తెరిచిన ఆ భాగం చదవదగ్గది. అందులో తొలిసారి ఇంటి ఖర్చుకు ఒక వరుస దొరికింది. వ్యక్తిగత హామీదారుల కోసం 2019లో దివాలా బోర్డు చేసిన నిబంధనల ప్రకారం చెల్లింపు ప్రణాళికలో, అది నడిచే కాలమంతటికీ, హామీదారుకూ అతని మీద ఆధారపడ్డ కుటుంబానికీ తగిన ఖర్చులకు ఒక కనీస బడ్జెట్ రాయాలి. అతని ఆదాయంలో కనీసం 10 శాతం అప్పులకు వాడకూడదు. ‘కాలమంతటికీ’ అనడం బాగుంది. ఆ 10 శాతమే మింగుడు పడదు. 61,000 సంపాదించేవాడికి పాత సివిల్ ప్రొసీజర్ కోడ్ 41,000 కాపాడితే, కొత్త నిబంధన గట్టిగా కాపాడేది 6,100. ఆపైన అంతా బేరం. ఆ బేరంలో అవతలి పక్షం బ్యాంకు. సమావేశంలో ఓటు వేసిన రుణదాతల్లో, అప్పు విలువ ప్రకారం నాలుగింట మూడు వంతులకు పైగా ఒప్పుకుంటేనే ప్రణాళిక నిలుస్తుంది.

ఒకసారి ఆమోదం పొందాక అది రుణదాతలనూ హామీదారునూ కట్టేస్తుంది. గడువులోగా పూర్తిగా అమలు కాకపోతే 118వ సెక్షన్ ప్రకారం మధ్యలోనే ముగిసినట్లు. ఆ తర్వాతి మెట్టు పూర్తి దివాలా. తల్లికి డయాలసిస్ మొదలైనా, ఆ మనిషి దుబారా చేసినా, ఫలితం ఒకటే.

మినహాయించిన అప్పుల జాబితా ఇంకా లోతుగా తగులుతుంది. చదువు రుణం, భరణం, కోర్టు వేసిన జరిమానా, ఇవి ఈ ప్రక్రియ వల్ల మాఫీ కావు. న్యాయమే అనిపిస్తుంది. కానీ పిల్లవాడి చదువు రుణానికి తండ్రి సహ రుణగ్రహీత. సాధారణంగా కోర్సు అయిపోయి ఏడాది దాకా కిస్తు ఉండదు. ప్రణాళిక రాసిన రోజున అది సున్నా. నాలుగో ఏడాది నడుమ అది తలెత్తుతుంది, తేదీ ముందే తెలిసినా ఎవరూ బడ్జెట్‌లో రాయలేదు. భరణం సంగతి ఇంకా కఠినం. ఇంట్లో విడిపోవడం జరిగి భరణం డిక్రీ వస్తే, 60వ సెక్షన్ జీతంలో కాపాడేది మూడింట ఒక వంతే. 61,000లో 20,333. ఒక కుటుంబం రెండు కుటుంబాలైన రోజున రెండు అద్దెలు, రెండు పొయ్యిలు. జీతం మాత్రం ఒకటే.

ఈ తగువు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 1938 నుంచి దివాలా చట్టంలో 13వ అధ్యాయం ఉంది. సంపాదన ఉన్న మనిషి ఆస్తి పోగొట్టుకోకుండా మూడు నుంచి అయిదేళ్లు కిస్తులు కడతాడు. నెలవారీ ఇంటి ఖర్చు వరుసవారీగా ప్రమాణం మీద రాసి ఇవ్వాలి. 2005లో కాంగ్రెస్ దాన్ని బిగించి, గత ఆరు నెలల సగటు ఆదాయంతో లెక్క మొదలుపెట్టమంది. వెంటనే ఒక చిక్కొచ్చింది. కన్సాస్‌లో ఒక మహిళకు పాత ఉద్యోగం వదిలినప్పుడు ఒకేసారి పెద్ద మొత్తం ముట్టింది. ఆ ఆరు నెలల సగటు చూస్తే ఆమె బాగా సంపాదిస్తున్నట్లు. అసలు జీతం చాలా తక్కువ. 2010లో లానింగ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ప్రణాళిక ఆమోదించే నాటికి తెలిసిన మార్పులనూ, దాదాపు ఖాయమైన మార్పులనూ లెక్కలోకి తీసుకోవచ్చని తేల్చింది. గతాన్ని కొలిచే కర్రతో భవిష్యత్తును కొలవనక్కర్లేదన్నమాట. నాందేడ్ కుటుంబంలో కొడుకు పదో తరగతి నుంచి పదకొండుకు వెళ్లడం అలాంటిదే. అది ఊహ కాదు, బడి క్యాలెండర్.

తెలియని మార్పులకు ఆ దేశంలో వేరే తలుపుంది. ఆమోదం తర్వాత కూడా, చెల్లింపులు పూర్తయ్యేలోపు, ప్రణాళికను సవరించమని కోర్టును అడగవచ్చు. అడిగే హక్కు అప్పున్న మనిషికే కాదు, ట్రస్టీకీ, హామీ లేని అప్పు ఇచ్చినవాళ్లకూ ఉంది. ఖర్చు పెరిగితే ఇతను అడుగుతాడు. జీతం పెరిగితే అవతలివాళ్లు అడుగుతారు. ఆరోగ్య బీమా కొనుక్కోవడానికి కిస్తు తగ్గించమని అడిగే వీలు కూడా 2005 సవరణలోనే చేర్చారు. బిగించిన చేతితోనే ఈ ఒక్క ముడి వదులు చేయడం గమనించదగ్గది. బీమా లేని జబ్బు ప్రణాళికనే మింగుతుందని వాళ్లకు అనుభవంలో తెలిసింది.

ఐర్లండ్ ఇంకో అడుగు వేసింది. 2012లో వ్యక్తిగత దివాలా చట్టం చేసుకుని, ఆ దేశ దివాలా సేవా సంస్థ సముచిత జీవన వ్యయాల పట్టికలను ప్రచురించింది. వాటిలో పిల్లల ఖర్చు ఒకే అంకె కాదు. పసిబిడ్డకు ఒకటి, బడికి ముందు వయసుకు ఒకటి, ప్రాథమిక పాఠశాలకు ఒకటి, మాధ్యమిక పాఠశాలకు ఒకటి. ఇంటి అద్దె లేదా గృహ రుణం, పిల్లల సంరక్షణ విడిగా కలుపుతారు. పొదుపుకూ, అనుకోని ఖర్చుకూ వరుస ఉంది. నలుగురిలో తిరగడానికి అయ్యే ఖర్చుకూ ఉంది. బంధువుల ఇంట్లో శుభకార్యానికి చీరో పంచో పెట్టకుండా మనిషి బతకలేడన్న సంగతి డబ్లిన్‌లో పట్టికకెక్కింది. ఇక్కడ అది ఇంకా దుబారా ఖాతాలోనే ఉంది.

ఇదంతా అప్పున్నవాడి వైపు నుంచి. పతసంస్థ వైపు నుంచి చూస్తే కథ వేరు. అందులో డిపాజిట్లు వేసినవాళ్లు టాటాలూ బిర్లాలూ కారు. కూరగాయల బండివాడు, రిటైరైన నర్సు, కూతురి పెళ్లికి దాచుకున్న బట్టల కొట్టు గుమాస్తా. బాకీదారు ఇంటి ఖర్చు పెరిగిందని కిస్తు తగ్గిస్తే, ఆ తగ్గింపు ఎక్కడో ఇంకో ఇంటి ఖర్చులోంచే వస్తుంది. పైగా ఖర్చు పెంచి రాయడం ఎంత తేలికో కోర్టు మెట్లెక్కిన అందరికీ తెలుసు. లేని అద్దె, రాని ట్యూషన్, ఎప్పుడో చచ్చిపోయిన తాత మందులు. అమెరికా సుప్రీంకోర్టు 2011లో రాన్సమ్ కేసులో ఇలాంటిదే చూసింది. కారు సొంతం, దాని మీద అప్పు లేదు, అయినా కారు వాయిదాల పద్దు కింద పట్టికలో ఉన్న మొత్తాన్ని ఖర్చుగా చూపాడు. కుదరదంది కోర్టు. అసలు లేని ఖర్చుకు పట్టిక ఆధారం కాదు.

కాబట్టి కిస్తు ఎప్పుడంటే అప్పుడు తగ్గించాలనడం వాదన కాదు. లెక్క రెండు వైపులా తెరుచుకోవాలి. ఆ సిడ్కో ఇంట్లో కొడుక్కి సర్కారు వైద్య కళాశాలలో సీటు వచ్చి కోచింగ్ ఫీజు ఆగిపోతే, ఆ 8,333లో న్యాయమైన వంతు డిపాజిటర్లకు వెళ్లాలి. ముసలావిడ పోతే ఆటో ఖర్చు ఆగుతుంది. ఆ మాట పైకి అనడానికి నోరు రాదు, కానీ బడ్జెట్‌లో ఆ వరుస చెరపాల్సిందే. ఏడాదికోసారి, జూన్ జీతం వచ్చాక, ఫీజు రసీదులు, మందుల చీటీలు, జీతం చీటీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇది పెద్ద పని కాదు. మూడో భాగం కింద నియమితుడైన రిజల్యూషన్ ప్రొఫెషనల్ ఎలాగూ అమలును పర్యవేక్షిస్తాడు. ఒక హద్దు దాకా కిస్తును అటూ ఇటూ జరిపే అధికారం అతనికిస్తే, చిన్న మార్పుకల్లా సమావేశం పెట్టి ఓట్లు లెక్కించే బాధ తప్పుతుంది. హద్దు దాటితే సమావేశం ఉండనే ఉంది.

ఇంకా తేలికైనది మొదటి రోజే చేయవచ్చు. అయిదేళ్ల ప్రణాళికకు అయిదేళ్ల బడ్జెట్ రాయడం. ఇంటి ఖర్చు 30,000 అయి, ధరలు ఏటా 6 శాతం, అంటే రిజర్వు బ్యాంకు సహించే పైహద్దు చొప్పున పెరిగితే, అయిదో ఏడాదికి అది 37,800 దాటుతుంది. ఎవరూ జబ్బు పడకుండా, ఎవరూ పెళ్లి చేసుకోకుండా. కరువు భత్యం వచ్చే సర్కారు ఉద్యోగికి ఈ దెబ్బ కొంత తగ్గుతుంది. ప్రైవేటు గుమాస్తాకూ, ధర్మాబాద్ మిర్చి బజారులో దళారీ కమీషన్ మీద బతికేవాడికీ ఆ ఊరట లేదు. వాళ్లకు మొదటి ఏడాది కిస్తు ఎక్కువగా, చివర తక్కువగా పెట్టడమో, పంట అమ్ముడుపోయే నెలల్లో ఎక్కువ, వానాకాలంలో తక్కువ పెట్టడమో లెక్కకు నిలుస్తుంది. సమాన కిస్తులు బ్యాంకు యంత్రానికి సౌకర్యం. అవి ఏ ఇంటి పోకడా కాదు.

బిలోలి, దేగ్లూర్, కిన్వట్ వైపు తెలుగు ఇళ్లలో ఆదాయం ఏ నెలలో వస్తుందో చెప్పడానికి క్యాలెండరు అక్కర్లేదు. సోయా బస్తా కాటా మీదికొచ్చే వారం, పత్తి రెండో ఏరుడు, ఆ తర్వాత మిర్చి. అదే ఇంటి ఖర్చు జూన్‌లో మొదటిసారి ఎగురుతుంది, విత్తనమూ బడి పుస్తకాలూ ఒకే వారంలో. 1875 కమిషన్ రాసిన పట్టికలో విత్తనం ముందే ఉంది. బడి పుస్తకాలు తర్వాత చేరాయి.

మూడో భాగం నోటిఫై అయ్యేదాకా ఈ మాటలన్నీ నాందేడ్ గుమాస్తాకు దూరపు కబుర్లే. అతని చేతిలో ఉన్నది సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ ఆర్డరులోని 11వ రూలు. డిక్రీ ఇచ్చేటప్పుడు తగిన కారణం ఉంటే కోర్టే కిస్తులు పెట్టవచ్చు. కాబట్టి ఇంటి లెక్క చెప్పుకోవాల్సింది డిక్రీకి ముందు, కాగితాలతో. చాలామంది ఆ రోజు కోర్టుకే రారు, ఎక్స్‌పార్టీ అయిపోతుంది. డిక్రీ అయ్యాక కిస్తులు కావాలంటే అప్పిచ్చినవాడు ఒప్పుకోవాలి, అది కూడా 30 రోజుల్లో అడగాలి. ముప్పై ఒకటో రోజున తల్లికి డయాలసిస్ మొదలైతే ఆ రూలు కింద అడగడానికి తలుపు మూసుకున్నట్టే.

మిగిలేది అమలు దశ. అక్కడ 1980 నాటి జాలీ జార్జ్ వర్గీస్ తీర్పు ఉంది, అది కూడా కృష్ణయ్యర్‌దే. డబ్బు లేక కట్టలేనివాణ్ణి జైలుకు పంపకూడదు, చేతిలో ఉండి ఎగ్గొట్టే దురుద్దేశం కనిపించాలి, అతని ఇతర అత్యవసరాలను, ఇక్కట్లను కోర్టు చూడాలి అని చెప్పింది. భారతీయ న్యాయంలో బాకీదారు ఇంటి ఖర్చు గట్టిగా వినిపించే చోటు ఇదే. ఆసుపత్రి కార్డు, ఫీజు రసీదు తీసుకెళ్లి చూపిస్తే అరెస్టు వారంటు ఆగవచ్చు. జీతం జప్తు దాని వల్ల తగ్గదు. అది ఆ ఒక్క డిక్రీ కింద మొత్తం 24 నెలలు సాగుతుంది, నెలకు 20,000 చొప్పున 4,80,000. ఆ తర్వాత అదే డిక్రీ మీద ఆ జీతాన్ని మళ్లీ ముట్టకూడదు. ఇంకో అప్పులవాడు ఇంకో డిక్రీ తెస్తే, మధ్యలో 12 నెలల విరామం ఇచ్చి లెక్క మళ్లీ మొదలవుతుంది.